తేనెపిట్ట దొడ్డిదారి

కొండకొమ్మున ఎర్రటి గొట్టంపూలు పూసే మొక్క ఒకటుండేది. దాని తేనె తాగి బతికే తేనెపిట్ట ముసలిదైపోయింది. ప్రతి పువ్వులోనూ తల దూర్చి, నుదుటినిండా పుప్పొడి పూసుకుని తిరిగే ఓపిక దానికి లేదు.

"ఎందుకవ్వా ఆ తిప్పలు? పువ్వు మొదలు దగ్గర చిల్లు పొడిస్తే తేనె నోట్లోకొస్తుంది," అంది తుమ్మెద.

పిట్ట అలాగే చేసింది. మెడనొప్పి తగ్గింది, కడుపు నిండింది. పూలు ఒక్కొక్కటే రాలిపోయాయి గానీ ఒక్క కాయా కట్టలేదు.

"రోజూ వస్తూనే ఉన్నావు, అవతలి కొండమీది మొక్క పుప్పొడి ఒక్కసారీ తేలేదేం అవ్వా?" అంది మొక్క. ఆ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "చివరి పువ్వు ఒక్కటే మిగిలింది. నేనింక పూయలేను."

తెల్లారాక పిట్ట ఎదురుకొండకి ఎగిరి, అక్కడి పువ్వులో తల దూర్చింది. మెడ పట్టేసింది. రాయి రాయికీ ఆగుతూ తిరిగొచ్చి, చివరి పువ్వులో నుదురు ఆనించింది. అందులో తేనె లేదు, నిన్ననే తాగేసింది.

ఆ పువ్వు కాయ కట్టింది. వానలకి గింజలు మొలిచాయి. ఆ మొలకలు పూసేనాటికి పిట్ట లేదు.