ఒక్క అక్షరం మింగకుండా

"అమ్మా, మళ్లీ అదే నీలం తెర!"

కూతురి కేకకు టీచరమ్మ పరుగున వచ్చింది. బల్ల కింద కంప్యూటరు డబ్బాలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బల్ల మీద తెర మాత్రం నీలంగా బిగుసుకుపోయి, నాలుగు వరసల తెల్ల అక్షరాలు చూపిస్తోంది.

రిటైరయ్యాక ఆమె పెట్టుకున్న వ్యాపకం ఒక్కటే. నవలలు పైకి చదివి రికార్డు చేసి లైబ్రరీకి ఇస్తుంది. అందుకోసం తమ్ముడు ఒక్కో కొట్లో ఒక్కో ముక్క కొని ఈ డబ్బా బిగించి ఇచ్చాడు. దాని సౌండ్ కార్డుకు పాత ఆపరేటింగ్ సిస్టమే కావాలి. ఆ పాత సిస్టానికేమో తర్వాత మార్చిన కొత్త బోర్డు గిట్టదు. రెండింటినీ ఎలాగో బుజ్జగించి కాపురం చేయించాడు. ఎలాగన్నది ఎవరికీ చెప్పకుండా ఓడ మీద ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఫోను చేస్తే అందడు.

ఆఖరి అధ్యాయం తప్ప నవలంతా ఆ డబ్బాలోనే ఉంది. రేపు పొద్దున టీచరమ్మ గొంతుకు ఆపరేషన్. ఆ తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని డాక్టరు మాట ఇవ్వలేదు.

"ఎందుకమ్మా ఇంత తాపత్రయం? వంట చేస్తూ సగం, బండి నడుపుతూ సగం వినేవాళ్ల కోసమా?"

"వాళ్లకు మాత్రం హంతకుడెవరో తెలియొద్దుటే?"

వీధి చివరి రిపేరు కుర్రాడు వచ్చి చూసి పెదవి విరిచాడు. "అంతా చెరిపేసి కొత్త సిస్టం ఎక్కిస్తానండీ. లోపలివి ఉంటాయో పోతాయో చెప్పలేను."

"చెరిపేస్తావా! చెయ్యి తియ్యి ముందు."

"అయితే పాతవి చూసే ఆయన ఒకరున్నారు, నంబరిస్తాను. మేం ఆయన్ని పులి అంటాం. పలకరిస్తే చాలు, గుర్రుమంటాడు."

టీచరమ్మ ఫోను చేసి సంగతంతా చెప్పింది.

"మళ్లీ చెప్పండి," అన్నాడు పులి.

"వినపడలేదా బాబూ?"

"వినపడింది. మళ్లీ చెప్పండి."

ఓపిగ్గా మళ్లీ చెప్పింది. ఈలోగా కూతురు తెరను ఫోటోలు తీసి తన ఫోను నుంచి అతనికి పంపేసింది.

"ఎవరో ఫోటోలు పంపుతున్నారు. ఆపమనండి," గుర్రుమన్నాడు. "తెర మీద ఏముందో చదవండి. ఒక్క అక్షరం మింగకుండా."

"మహానుభావుడు కన్నెత్తి చూడడట," గొణిగింది కూతురు.

టీచరమ్మ చదివింది. చివర్లో లోపం నంబరు దగ్గర ఏడు, బి అని రాగానే అతను ఆపాడు. ఫోను డబ్బాకు ఆనించమన్నాడు. కాసేపు విని, "డిస్కు గొంతు శుభ్రంగా ఉంది. భయం లేదు," అన్నాడు. "ఆపేసి మళ్లీ వెయ్యండి. వెంటనే డిలీట్ మీట నొక్కుతూ ఉండండి. వచ్చిన పేజీలో తేదీ ఏముంది?"

టీచరమ్మకు నవ్వొచ్చింది. "దీని లెక్కన మా అమ్మాయి ఇంకా రెండు జడలేసుకుని బడికి పోతోంది బాబూ!"

"దొరికింది. బోర్డు మీద బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, అది చచ్చింది. మీ తమ్ముడు పెట్టిన సెట్టింగులన్నీ బోర్డు మర్చిపోయి, డిస్కుతో కొత్త పద్ధతిలో మాట్లాడుతోంది. మీ పాత సిస్టానికి ఆ భాష రాదు."

అలాంటి బిళ్ల కోసం ఇల్లంతా వెతికారు. చివరికి బరువు చూసుకునే మిషన్‌లో దొరికింది. "పీడా పోయింది," అంటూ కూతురు సంతోషంగా ఊడబీకింది. అతను చెప్పినట్టే కరెంటు తీసి, బోర్డు మీది చచ్చిన బిళ్ల తీసేసి దీన్ని పెట్టింది.

"ఇప్పుడు ఆ పేజీకే వెళ్లి, తేదీ సరిచేసి, డిస్కు సంగతులున్న చోట పై నుంచి కిందికి చదవండి."

టీచరమ్మ చదువుకుంటూ పోయింది. ఎక్కడా తొందరపెట్టలేదు పులి.

"ఆగండి. అక్కడ ఏహెచ్‌సీఐ అని ఉన్న కొత్త పద్ధతిని పాత ఐడీఈకి మార్చండి. దాచి, బయటికి రండి."

తెర నల్లబడింది. మరుక్షణం, సిస్టం తెరుచుకునేటప్పటి ఆ పాత సంగీతం గదంతా మోగింది.

"వచ్చింది!" అన్నాడు పులి, వాళ్లకన్నా ముందు.

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. "నీ మేలు మర్చిపోలేను బాబూ. ఏమివ్వమంటావు?"

"ఆ ఆఖరి అధ్యాయం చదివెయ్యండి. అదే ఇవ్వడం," అని పెట్టేశాడు.

చీకటి పడేలోగా నవల పూర్తయింది. హంతకుడు దొరికాడు. కూతురే వెళ్లి రికార్డింగు లైబ్రరీలో అప్పగించి వచ్చింది.

పొద్దున్నే ఆస్పత్రికి వెళ్తూ, ముఖాముఖి ఒక్క మాట చెప్పి పోదామని టీచరమ్మ పట్టుబట్టింది. రిపేరు కుర్రాడు చెప్పిన గుర్తుల ప్రకారం ఒక పాత భవనం మెట్లు దిగారు. కింద కిటికీ లేని గది. తలుపు ఓరగా ఉంది. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

"కరెంటు పోయినట్టుంది," గుసగుసలాడింది కూతురు.

పోలేదు. స్పీకరులోంచి ఎవరో నవల చదువుతున్నారు. ఒక్క వాక్యం వినగానే టీచరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. అది తన గొంతే. ఎప్పుడో రెండేళ్ల కిందట చదివిన పుస్తకం.

పలకరించబోయిన కూతురి చెయ్యి నొక్కి, గోడ తడిమి స్విచ్చి వేసింది.

బల్ల వెనక, గుమ్మానికి ఎదురుగా ఒక నడివయసు మనిషి. పాత బోర్డొకటి ఒళ్లో పెట్టుకుని స్క్రూ బిగిస్తున్నాడు. కథలో ఏదో చమత్కారానికి చిన్నగా నవ్వుకుంటున్నాడు.

లైటు వెలిగిందని అతనికి తెలియలేదు.