చిట్టి నారింజ

“ఉమ్మెయ్ పెద్దక్కా! ముందు ఆ పండు ఉమ్మెయ్!”

కాంపౌండర్ యేసన్న అరుపుకు గంజి కోసం వరుసలో కూర్చున్న జనమంతా తలలు తిప్పారు. మిషన్ ఆస్పత్రి గోడవార నిలబడ్డ పెద్దక్క ఉమ్మలేదు. నోట్లో ఉన్నదాన్ని తొక్కతో సహా నమిలి మింగేసింది.

“ఇప్పుడే మీ గుడిసెకాడికి పోయొచ్చినా. నీ కోడలు మారెక్కకు పండ్ల సంగతే తెలీదంట! ఆయమ్మకని పది దినాల నుంచి దినానికి రెండు తీసుకపోతివే, యాడికి పోయినాయి?”

“నేనే తింటి.”

సిగ్గుపడి చెప్పిందా అంటే అదీ లేదు. యేసన్నకు ఒళ్ళు మండింది. మండదా మరి! రాప్తాడు చుట్టుపక్కల వానచుక్క పడక ఇది మూడో ఏడు. ఆస్పత్రిలో పోసే జొన్నగంజి తప్ప జనం పచ్చి ఆకు మొహం ఎరగరు. కాన్పయి నెల తిరగని మారెక్కకు చిగుళ్ళ నుంచి నెత్తురు, కాళ్ళ మీద నల్లటి మచ్చలు, పురిటి పుండు మానలేదు. పుల్లటి పండు కడుపులో పడకపోతే మనిషి దక్కదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఈ కరువులో నిమ్మకాయ ఎక్కడ దొరుకుతుంది? ఉన్నదల్లా డాక్టరమ్మ కుండీలో పెంచుకున్న చిట్టి నారింజ చెట్టు ఒక్కటే. పండు ఉసిరికాయంత. తొక్క తియ్యన, లోపల పుల్లన. తొక్కలోనూ సత్తువ ఉంది, ఒలవకుండా నమలమని మరీ మరీ చెప్పి పంపింది ఆవిడ.

“చెట్టుకు ఇంక ఎనిమిదే ఉండాయి. కోడలి నోటికాడిది తినేదానికి నీకు మనసెట్లొచ్చె?”

“పులుపు గదప్పా. బాలింతకు పులుపు పెడితే పుండు చీము పడతాదంటారు. మా అమ్మ చెప్పె, వాళ్ళమ్మ చెప్పె.”

“నమ్మకం లేకుంటే తిరిగీయాల. నువ్వు తినేదేంది?”

“ఆకలన్నా, ముసిల్ది ఏం చేస్తాది!” అన్నారెవరో వరుసలోంచి. ఇంకెవరో తుపుక్కున ఉమ్మారు.

ఆ ఉమ్ము పెద్దక్కకు తగిలినట్టే అయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోడకు ఆనుకుని కింద కూర్చుని, ఎడమకాలి పిక్కకు చుట్టుకున్న గుడ్డపేలిక విప్పింది. యేసన్న వంగి చూశాడు. బెత్తెడు పొడుగు గాయం. శుభ్రంగా ఎండి, మీద కొత్త తోలు కప్పుకుంది.

“ఇదెప్పుడు తెగింది? నాకు చెప్పలేదే?”

“తెగల్యా. నువ్వు పండ్లిచ్చిన మొదటి దినమే కొడవలితో నేనే కోసుకుంటి. పది దినాలు పులుపు తింటి, చీము పట్టల్యా, సూడు. ఇంక భయం లేదు. ఆ ఎనిమిదీ నా కోడలికియ్యప్పా.”