చీటీలో లేని వ్యూ

“మెట్ల మీద కాలు జారింది మేడమ్. చెయ్యి ఆనించి పడింది,” అన్నాడు మొగుడు.

అడిగింది అతన్ని కాదు, ఎక్స్‌రే బల్ల దగ్గర కూర్చున్న అతని భార్యను. ఆమె వాచిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని మొగుడి వంక ఒక్క చూపు చూసింది. అతను టక్కున నోరు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. నిటారుగా నిలబడడానికే అవస్థపడుతున్నాడు.

పగలే తాగొచ్చాడు వెధవ, అనుకుంది టెక్నీషియన్. ఆస్పత్రిలో అందరూ ఆమెను ఎక్స్‌రే అక్క అంటారు. పోయిన నెల ఇలాగే మెట్ల కథ చెప్పిన ఒకావిడను ఏమీ అడక్కుండా ఇంటికి పంపేసింది. వారం తిరక్కుండానే ఆవిడ స్ట్రెచర్ మీద వచ్చింది. ఆ తప్పు అక్కను ఇంకా తొలిచేస్తూనే ఉంది. ఈసారి ఆమె చెవిలో ఎవరూ పువ్వు పెట్టలేరు.

“మీరు కాస్త బయటికి నడవండి.”

“నేను... నేనుంటాను మేడమ్. లేకపోతే ఆవిడ కంగారుపడుతుంది,” అతను నీళ్ళు నమిలాడు.

“నడవమన్నానా!”

తలుపు మూశాక అక్క గొంతు తగ్గించింది. “నిజం చెప్పమ్మా. ఎవరు చేశారిది?”

“ఎవరూ చెయ్యలేదు. పడ్డాను.”

గొంతులో వణుకైనా లేదు. ఎంత బెదిరిస్తే ఇంత బాగా అప్పజెబుతుంది! అక్కకు ఒళ్ళు మండింది.

డాక్టరు చీటీలో మణికట్టుకు రెండు వ్యూలని, అంటే రెండు కోణాల్లో తీయాలని, రాసి ఉంది. వాపేమో చిటికెనవేలి కింద ఉంది. అక్క డాక్టరుకు ఫోన్ చేసి ఇంకో వ్యూకి ఒప్పించింది. ఆమె అరచేతిని ప్లేటు మీద బోర్లా పెట్టించి, బొటనవేలి వైపు పైకి లేపి, కింద స్పాంజి ముక్క దూర్చి ఏటవాలుగా నిలిపింది.

“కదలకమ్మా.”

తెర మీద విరుపు స్పష్టంగా కనిపించింది. చిటికెనవేలి కణుపుకు సరిగ్గా కింద. పడితే మామూలుగా విరిగే చోటు కాదది.

అక్క ఆమెను నర్సుతో కట్టు గదికి పంపి, మొగుణ్ణి లోపలికి పిలిచింది.

“పిడికిలి బిగించి గుద్దితే విరిగే ఎముకయ్యా ఇది! నువ్వెంత కొడితే పాపం ఆ పిల్ల తిరగబడి ఉంటుంది? పోలీసుల్ని పిలవమంటావా?”

అతను వెనక్కి తిరిగి తలుపు గడియ పెట్టాడు. అక్క చెయ్యి ఫోన్ మీదికి పోయింది.

అతను చొక్కా గుండీలు విప్పి, రెండు పక్కలా నల్లగా కమిలిపోయిన పక్కటెముకలు చూపిస్తూ, “ఆవిడ తిరిగొచ్చేలోగా నాకూ ఎక్స్‌రే తీసేస్తారా మేడమ్, ఎటు తిరిగి పడుకోమంటారు?” అన్నాడు.