అలసట పట్టీ

సెలవు రోజున పుట్టే కాళ్ల నొప్పి ఎవరి సొత్తు? సెలవుల కార్యాలయానికి మూడుసార్లు లేఖ రాశాను, జవాబు రాలేదు.

నా మేనకోడలు వకుళకు ఏడాదికి దొరికేది మూడు రోజుల సెలవు. ఈసారి అనంతగిరి కొండలెక్కాలని నిశ్చయించుకుంది: మొదటి రోజు జలపాతం దాకా, రెండో రోజు శిఖరం దాకా, మూడో రోజు దిగుదల. అయితే ప్రతి ఉద్యోగి మణికట్టుకూ ఒంటి అలసటను కొలిచేందుకు యాజమాన్యం తొడిగిన అలసట పట్టీ ఉంటుంది. సెలవులో హద్దు మించి అలసిపోతే, పనికి రావలసిన శరీరాన్ని పాడుచేసిన నేరానికి మరుసటి ఏడాది సెలవు రద్దవుతుంది.

“అత్తా, ఆ మూడ్రోజులూ నా పట్టీ నువ్వు పెట్టుకుని ఇంట్లో కూర్చోవా? మా ఆఫీసులో అందరూ అమ్మమ్మలకి తగిలించేసి పోతారు,” అంది వకుళ.

“నా చేతికి ఖాళీ లేదు. నేనూ వస్తున్నాను.”

“నువ్వా? రెండో అంతస్తుకే ఆయాసపడతావు!”

“పడతాను. ఎవరినీ అడగకుండా పడతాను. నువ్వూ నీ పట్టీతోనే నడువు.”

“వచ్చే ఏడు సెలవు పోద్ది అత్తా!”

“పోనీ. ఈ ఏటి సెలవైనా దొంగతనం కాకుండా ఉంటుంది.”

వకుళ సెలవు పత్రంలో ‘అంచనా అలసట’ అన్న గడిలో ‘మోకాళ్లు వణికేంత’ అని రాసి పంపింది.

“రేపట్నుంచి మెట్లెక్కడం మొదలెట్టు. నిన్ను మొయ్యడం నా వల్ల కాదు,” అంది.

మా వీధిలో ఆరుగురు వృద్ధురాళ్లు ఈ క్షణాన కూడా పరాయి పట్టీలు తొడుక్కుని, ఇతరుల విశ్రాంతిని నటిస్తూ కూర్చున్నారు. ఈ నిబంధన ఇన్నాళ్లు నిలిచింది వారి దయ వల్లనే. మీ మణికట్టు మీద మరొకరి పట్టీ ఉంటే, ఇప్పుడే విప్పి వారి చేతికి తిరిగి ఇవ్వండి.