గోడ మీద బావి

వసంతమ్మ బిందె దించి చూసేసరికి, బావి ఎదురుగా ఉన్న పాత గోదాము గోడకు ఎవరో మనిషి సున్నం కొడుతున్నాడు.

ఎవరిని అడిగి గోడ పాడు చేస్తున్నావని గద్దించింది.

"పాడు చేస్తలేనక్కా, బొమ్మేస్తున్న. గీ బావి బొమ్మ. దీని సుట్టూ ఎవరెవరు ఉండాలెనో మీరే చెప్పాలె."

పనీపాటా లేని మనిషి అనుకుని, నీళ్లు తోడుకుని వెళ్లిపోయింది వసంతమ్మ.

అది 1964, మాఘమాసం. చెరుకు నరికే రోజులు. బోధన్‌లో చెరుకు బండ్లు తిరిగే తోవ పక్కన ఉన్న ఆ వాడకు అదొక్కటే మంచినీళ్ల బావి.

ఆ మనిషికి నలభై ఏళ్లుంటాయి. ముఖం నిండా మాసిన గడ్డం, భుజాన గుడ్డసంచి. పేరడిగితే బొమ్మలాయన అంటే చాలన్నాడు.

కొబ్బరిచిప్పల్లో ఎర్ర జాజు, బొగ్గు, నీలిమందు, పసుపు కలుపుకుని పొద్దుగూకే దాకా గోడ ముందే ఉండేవాడు. వచ్చినవాళ్లనల్లా ఆపి అడిగేవాడు. బావి దగ్గర నువ్వెక్కడ నిలబడతావు? నీ పక్కన ఎవరుండాలి? ఎవరుండొద్దు? ఎందుకుండొద్దు?

మొదట నవ్విపోయారు. తర్వాత ఒక్కొక్కరే ఆగడం మొదలుపెట్టారు. ముక్కుపుడక మరిచావని లింగవ్వ కొట్లాడి మరీ వేయించుకుంది. బండి తోలే హన్మండ్లు తనతో పాటు తన ఎడ్లనూ వేయమన్నాడు.

నాలుగో రోజు వసంతమ్మ బొమ్మ కూడా లేచింది. చేదతాడు పట్టుకున్న ఆ చేతులను చూసి, తన చేతులు ఇంత గట్టివా అనుకుందామె.

ఐదో రోజు గంగమ్మ వచ్చింది.

సిరికొండ దిక్కు నుంచి చెరుకు నరకడానికి వచ్చిన కూలీ ఆమె. ఆ కూలీల గుడిసెలు వాడ అవతల ఉన్నాయి. వాళ్లు ఏ కులపోళ్లో ఏమోనని, బావి దగ్గరికి రానివ్వొద్దని వాడ పెద్దమనిషి రాజారాం ఎప్పుడో కట్టడి చేశాడు. వాళ్లు కాలువ నీళ్లే తాగేవాళ్లు.

రెండు రోజులుగా గంగమ్మ బిడ్డకు వాంతులు. ఆమె ఖాళీ కుండతో దూరంగానే నిలబడి అడిగింది.

"అన్నా, నా బొమ్మ గూడ ఏస్తవా? కాల్వ నీళ్లు నా బిడ్డకు పడ్తలెవ్వు."

బావి దగ్గరున్న వాళ్లంతా తోడడం ఆపేశారు.

బొమ్మలాయన వాళ్ల వైపు తిరిగి, వేయమంటారా అని అడిగాడు. వద్దన్నారు. ఎందుకని అడిగాడు. ఒకరు ఆచారమన్నారు. ఇంకొకరు నీళ్లు సరిపోవన్నారు. రాజారాం ఒప్పుకోడన్నాడు హన్మండ్లు.

అతను ఎవరినీ తప్పుపట్టలేదు. ప్రతి మాటా విన్నాడు. విని, మరి పిల్ల సంగతేంటని మళ్లీ అడిగాడు. లింగవ్వ ఒకటంటే హన్మండ్లు ఇంకొకటన్నాడు. పనికి పోవలసిన వాళ్లు కూడా నిలబడిపోయారు. అంతమంది ఒక్కచోట చేరి ఒక సంగతి తేల్చుకోవాలని చూడటం ఆ వాడలో అదే మొదలు.

వసంతమ్మ పైట బిగించి, చేద బావిలోకి వదిలింది. నీళ్లు తోడి గంగమ్మ కుండ నింపింది. తర్వాత తాడు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"రేపటి సంది నువ్వే తోడుకో. ఎవరన్న అడిగితె నా పేరు చెప్పు."

ఎవరో పరుగెత్తి చెప్పినట్టున్నారు, రాజారాం కర్ర పట్టుకుని రానే వచ్చాడు. జనం పక్కకు తప్పుకున్నారు. వసంతమ్మ తప్పుకోలేదు. గంగమ్మ చేతి మీద తన చెయ్యి వేసి నిలబడింది.

"మామా, గీ తాడు గుంజుకోవాలంటె ముందుగాల నా చెయ్యి ఇడిపియ్యాలె."

రాజారాం ఏదో అనబోయాడు. ఇంతలో బొమ్మలాయన కుంచె ముంచుకుంటూ అడిగాడు.

"పెద్దమనిషీ, నిన్ను యాడ నిలవెట్టాలె?"

రాజారాం గిరుక్కున అతని వైపు తిరిగాడు. తర్వాత తల దించుకుని, ముందు గంగమ్మ బొమ్మ వేయమని చెప్పి, వచ్చిన దారినే మళ్లాడు.

తన మాటే ముసలాయన్ను వంచిందని వసంతమ్మ ఆ రోజంతా పొంగిపోయింది. సాయంత్రానికి గోడ మీద ఆమె పక్కనే గంగమ్మ నిలబడి ఉంది.

వారం తిరిగేసరికి గంగమ్మ బిడ్డ లేచి ఆడుకుంటోంది. అప్పటికే బొమ్మలాయన వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పలేదు.

కూలీల పిల్లలను బడిలో కూర్చోబెట్టే సంగతి కూడా అందరూ కలిసి మాట్లాడుకోవాలని వసంతమ్మ పట్టుబట్టింది. బడి గోడ మీద బొమ్మ వేయడానికి అతన్ని పిలిపిద్దామంది. కానీ అతని ఊరేదో ఎవరికీ తెలియదు. అన్ని రోజులు ఎదురుగా ఉన్న మనిషిని తిన్నావా అని కూడా తను అడగలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

నలుగురినీ ఎరిగినవాడు కదా అని రాజారాం దగ్గరికే వెళ్లింది.

అరుగు మీద కూర్చున్న రాజారాం చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు.

"డిచ్‌పల్లి కుష్ఠు దవాఖాన్ల ఉంటడట. రోగం నయమైనా ఆడనే ఉండి, వచ్చినోళ్లకు బొమ్మలు నేర్పుతడట. పొయ్యే దినం పొద్దుగాల నేనే అడిగి తెలుసుకున్న. ఉండుమన్న. ఉండలే."

"నువ్వు ఉండుమన్నవా మామా?"

"గా దినం నేను నీ మాటకు ఎన్కకు మర్రలే బిడ్డా. ఆయన గొంతు ఎరుకవట్టి మర్రిన."

వసంతమ్మకు అర్థం కాలేదు. ఎవరాయన అని అడిగింది.

ముసలాయన కండువాతో ముఖం తుడుచుకుని, పదహారేళ్ల కింద ఒంటి మీద మచ్చ లేచిందని బావి ముట్టనివ్వకుండా, ఒక్క మాట చెప్పుకోనివ్వకుండా తనే బండెక్కించి వాడ దాటించిన తన సొంత తమ్ముడు నర్సింలు అని చెప్పాడు.