తెరవకూడని తలుపు

గోడ నిండా మేకులు. మేకుల నిండా తాళంచెవులు. దీన్ని కూడా కళ అంటారని లెక్కల టీచరుకు ఆ రోజే తెలిసింది.

పక్కన బోర్డు ఉంది. "ఇక తెరవకూడదనుకున్న తలుపు తాళంచెవి ఇక్కడ తగిలించండి. బదులుగా ఇంకొకరిది తీసుకెళ్ళండి. మీరు చెయ్యి వేస్తేనే ఈ కళ పూర్తవుతుంది."

టీచరు చెయ్యి వేసింది. బ్యాగులోంచి సొంత ఇంటి తాళంచెవి తీసి తగిలించేసింది.

"నీకేమైనా పిచ్చా?" అంది పక్కనున్న నర్సు. ఇద్దరిదీ చిన్నప్పటి స్నేహం.

"ఆ ఇంటికి ఇక వెళ్ళనే. నేను బళ్ళో ఉండగా ఎవత్తో వచ్చిపోతోంది. సాయంత్రం చూస్తే దుప్పటి అంచులు నేను దోపినదానికంటే నీటుగా ఉంటున్నాయి."

"దుప్పటి నీటుగా ఉందని మొగుణ్ణి వదిలేస్తారటే? అన్నయ్యే సర్దుకుని ఉంటాడు. లెక్కల టీచరువి, రుజువు లేకుండా జవాబు రాసేస్తావా?"

టీచరు దగ్గర రుజువు లేదు. మూడు నెలలుగా తిండి సహించనివ్వని అనుమానం తప్ప ఏమీ లేదు. పన్నెండేళ్ళ కాపురాన్ని దాంతో తెంచుకోవచ్చా?

నర్సు కూడా ఎర్ర తొడుగున్న తాళంచెవి ఒకటి తగిలించింది. "ఖాళీ చేసిన అద్దె ఇంటిది" అని, కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. అంతలో ఆస్పత్రి నుంచి ఫోను.

"నేను వెళ్ళాలి. నా మాట విని ఇంటికి పో. అన్నయ్య ఉసురు పోసుకోకు."

ఆమె వెళ్ళాక టీచరు మనసు మెత్తబడింది. తన తాళంచెవి తీసుకోబోతే ప్రదర్శన కాపలాదారు అడ్డొచ్చాడు.

"ఎవరిది వాళ్ళు తీసుకోకూడదమ్మా. ఇంకోటేదైనా తీసుకోండి."

"మరి నా ఇంట్లోకి నేనెలా పోవాలి?"

"అది ఈ గోడ పెట్టిన బొమ్మలాయన్ని అడగాలమ్మా. నాకు చెప్పింది ఇంతే."

ముక్కూ మొహం తెలియనివాళ్ళది ఎందుకని స్నేహితురాలిదే తీసుకుంది.

దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది. బంగారంలాంటి మనిషిని అనుమానించినందుకు సిగ్గుపడింది. ఆయన రాగానే అంతా చెప్పేసి, క్షమించమని అడగాలనుకుంది.

ఇంటికి తాళం వేసి ఉంది. రెండో తాళంచెవి ఆయన దగ్గరే. ఆమెకు తెలిసి ఆ తలుపుకు మూడోది లేదు. ఆయన రావడానికి ఇంకా గంట పడుతుంది. కాసేపు మెట్టు మీద కూర్చుంది. ఏమీ తోచక లేచి, చేతిలో ఉన్న ఎర్ర తొడుగు తాళంచెవిని ఊరికే పెట్టి తిప్పింది.

తలుపు తెరుచుకుంది.