నోటితో చెప్పరాని పాస్‌వర్డ్

“మీరు కట్టిన వెబ్‌సైటే కదండీ! నా పాస్‌వర్డ్ చూసి కొట్టీయండి,” అంది హేమలత, పెదబయలు నుంచి ఫోన్లో.

“చూడ్డానికి అక్కడేముంది? ఉప్పేసి నూరి దాచాను,” అన్నాడు ఫల్గుణ. “పచ్చడి చూసి మిరపకాయ తీయగలనా? మనం కొట్టినదాన్ని మళ్ళీ అలాగే నూరి, రెండూ ఒకటేనా అని మాత్రం చూస్తుంది కంప్యూటరు.”

“ఉప్పు కూడానా?”

“ఒక్కొక్కరి మాటలో కలిపే వేరువేరు అక్షరాలే ఆ ఉప్పు. ఇద్దరు ఒకే మాట పెట్టుకున్నా దొంగకి తెలియకుండా.”

అరకులోయ కాఫీ రైతుల సంఘంలో ఉన్నవి రెండే కుర్చీలు, ఒక కంప్యూటరు. రైతుల జాబితా హేమలత ఖాతాలో ఉంది. ఐదింటిలోగా కాఫీ కొనేవాళ్ళకి పంపాలి. ఆమేమో అమ్మని చూడ్డానికి వెళ్ళి, బస్సు రాక, చేతిలో బటన్ల ఫోనుతో అక్కడే చిక్కుకుంది. రోజూ పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి పంపే కుకీకి నిన్నటితో గడువు తీరిపోయింది.

“మార్చేద్దామంటే సర్వరు మనిషి సోమవారం గానీ రాడు. నువ్వే చెప్పు, బేగి.”

“సెప్పలేనండీ.”

“నామీద నమ్మకం లేదేటి?”

“అది కాదు. అదొక పేరు.” గొంతు తగ్గింది. “నేను పలకకూడదు.”

ఫల్గుణకి అర్థమైంది. ఈ కొండల్లో ఆడపిల్ల నోట పలకని పేరు ఒక్కటే, కట్టుకున్నవాడిది. లేదా కట్టుకోబోయేవాడిది. మూడేళ్ళు పక్క కుర్చీలో కూర్చుని ఒక్క మాట అడగలేకపోయాడు, వెర్రిబాగులోడు!

“ఎప్పుడు కుదిరింది?”

“నా మనసులో ఎప్పుడో. అమ్మకి నిన్ననే సెప్పీసినాను.”

“సంతోషం,” అన్నాడు. సంతోషమట!

“పోనీ, ఒక్కో అక్షరం చెప్పు.”

“అక్షరాలైనా, మెసేజైనా పేరు పేరే కదండీ.”

“మరెలాగ? నాలుగున్నర దాటింది.”

“అమ్మ పక్కనే ఉంది. తను పలకొచ్చు.”

ఫోను చేతులు మారింది. అవతల గాజుల చప్పుడు, చిన్న నవ్వు. ఎవడో అదృష్టవంతుడు. వాడి పేరు వినకా తప్పదు, తన వేళ్ళతో కొట్టకా తప్పదు. ఫల్గుణ కళ్ళు తుడుచుకుని కీబోర్డు దగ్గరకి లాక్కున్నాడు.

“ఏటి బాబూ, బాగున్నావా?” అంది హేమలత తల్లి చిన్నమ్మి.

“బాగున్నానమ్మా. ఆ పేరేదో చెప్పండి.”

“నీ పేరే కొట్టు, అల్లుడూ.”